పడమటి గోడకు గుండు వేసింది నేను

నా తమ్ముడు గుండు వేయకుండా గోడ లేపాడని, అందుకే ఆ గోడ పడి ఒక మనిషి ప్రాణం పోయిందని తేల్చి పారేశారు. అబద్ధం. ఆ గోడకు గుండు వేసింది నేను. వరస వరసకూ నిలబడి వేసింది నేను. ఈ మాట చెప్పడానికి నేను ఎక్కని మెట్టు లేదు. విన్నవాడు లేడు.

గుండు అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. దారం చివర బరువైన ఇనుప గుండు కట్టి పైనుంచి వదులుతాం. దారం ఎలా వేలాడితే అదే నిలువు. గోడ ఆ దారానికి సమంగా ఉంటే సరి, లేకపోతే పీకి మళ్ళీ కట్టాలి. తాపీపనిలో అంతకు మించిన న్యాయస్థానం లేదు.

దయ్యం కథ అనుకుని చదవడానికి కూర్చున్నవాళ్ళకు ముందే ఒక మాట. తమిళనాడులోని మా గుడియాత్తంలో దయ్యాలకు దిక్కులేకుండా చేసిన మనిషిని నేను. మా వీధిలో ఒక పాత ఇంట్లో గజ్జెల చప్పుడు వినబడుతుందని ఎవరూ అద్దెకు రాకపోతే, పెళ్ళాంబిడ్డలతో అందులో చేరాను. పక్కింటి అటక మీద పడేసిన పాత మగ్గం కడ్డీల మీద ఎలుకలు పరిగెత్తే చప్పుడు అది. వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా చెంబులు పట్టుకుని ఉరికిన రోజున, బజార్లో బల్ల వేసి, చెప్పులు కుట్టే ఇనుప దిమ్మె చేత స్పూనుతో పాలు తాగించి చూపించాం. ఆ రోజు నా మీద పడిన రాళ్ళలో ఒకటి ఇప్పటికీ దాచుకున్నాను.

నేను చదివింది ఐదో తరగతి, అదీ అరవ బడిలో. మా ఇళ్ళల్లో తరాలుగా తెలుగే మాట్లాడతాం, అక్షరం మాత్రం రాదు. చిత్తూరులో పనికి పోయిన రోజుల్లో బస్సుల మీది ఊరిపేర్లు కూడబలుక్కుని తెలుగు నేర్చుకున్నాను. ఆ తర్వాత చేతికి దొరికిన సైన్సు పుస్తకాన్నల్లా చదివాను, తెలుగైతే తెలుగు, అరవమైతే అరవం. నలుగురం కలిసి మూతపడిన నేత షెడ్డులో ఒక సైన్సు సంఘం పెట్టుకున్నాం.

ఆ సంఘానికి వేలూరు నుంచి రాజారాం సారు వచ్చేవారు. అక్కడ ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. ఆయన ఇంట్లో కూడా తెలుగే. ఆయనతో పోట్లాడినంతగా నేను నా పెళ్ళాంతో కూడా పోట్లాడలేదు. ఒకప్పుడు వేడి అనేది ఒక ద్రవం అన్నారు, వస్తువుల్లోంచి వస్తువుల్లోకి పారుతుందన్నారు, లెక్కలు కూడా కుదిరాయి. తర్వాత అలాంటి ద్రవమే లేదన్నారు. మరి ఈ రోజు మీరు ఉందంటున్న అణువు రేపు ఉంటుందని నమ్మకమేమిటి అని నిలదీశాను. లెక్క కుదరడం వేరు, వస్తువు ఉండడం వేరు కదా అన్నాను.

ఆయనకు కోపం రాదు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా నలుగురు నాలుగు దారుల్లో పోయి, నలుగురూ ఒకే చోట తేలితే, ఆ చోటు నిజంగా ఉన్నట్టే అని చెప్పేవారు. మనం చూసినా చూడకపోయినా ఉండేదే నిజం, మన కొలత తప్పవచ్చు గానీ అది తప్పదు అనేవారు. ఇంకొక మాట మాత్రం మాకు బల్ల గుద్ది నేర్పించారు. ఒక్కసారి కనబడింది వార్త. పిలిచినప్పుడల్లా వచ్చేదే సంగతి.

నేను ఆ మాటలు తాగి బతికినవాణ్ణి. అందుకే ఈ అన్యాయం నాకింకా మండుతుంది.

అవి మా వైపు చెప్పుల కంపెనీలకు పరదేశం ఆర్డర్లు వచ్చిపడుతున్న రోజులు. తోపులు కొట్టేసి గోడౌన్లు లేపుతున్నారు. లత్తేరి రోడ్డు మీద, కొబ్బరితోపు పక్కన ఒక గోడౌను పని మాకు దొరికింది. నేను, నా తమ్ముడు చెంగయ్య, కొందరు కూలీలు.

మాలో ఒక కట్టుబాటు ఉంది. గోడ కట్టినవాడు తన గోడకు తాను గుండు వేయడు. ఎంత పెద్ద మేస్త్రీ అయినా సరే, ఇంకొకడు వచ్చి వేయాలి. కట్టినవాడి కన్ను తన గోడలో తప్పు పట్టదని మా పెద్దల మాట. నా గోడకు చెంగయ్య, చెంగయ్య గోడకు నేను. ఈ సంగతి సంఘంలో చెప్పినప్పుడు రాజారాం సారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సైన్సు నడిచేది కూడా ఈ కట్టుబాటు మీదే అన్నారు.

పడమటి గోడ చెంగయ్యది. ఆ మూలలో అదే మొదటి గోడ, పక్కన పోల్చి చూడడానికి ఇంకేమీ లేవలేదు. గోడ నడుము ఎత్తుకు వచ్చేసరికి వాడు తాపీ కింద పెట్టి, తల వంకరగా పెట్టి చూస్తున్నాడు.

"అన్నా, గోడ పడమటికి ఒరిగినట్టుండాది."

నేను గుండు వదిలాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ మాటే చెప్పాను.

"గుండు సరిగ్గానే ఉండాది. ఆ తోపులో చెట్లు చూడు. అన్నీ అటు తూర్పుకు వాలినట్టు లేవా?" అన్నాడు వాడు.

ఇటుకలు అందించే పాపమ్మ పకపకా నవ్వింది. ఆమె నోటికి ఎదురు లేదు. "పొద్దున్నే పెండ్లాంతో గొడవ పడొచ్చినట్టుండాడు మేస్త్రీ, అందుకే ఊరంతా వంకరగా అగపడతా ఉండాది" అంది. అందరూ నవ్వారు. చెంగయ్య నవ్వలేదు.

నేను వాడి మాట కొట్టిపారేయలేదు. ఒక్కొక్కటే మార్చి చూశాను. దారం మార్చాను. పక్కన ఇనుప కంబీల కట్ట ఉంది, ఇనుప గుండును అదేమైనా లాగుతుందేమోనని గుండు తీసేసి రాయి కట్టి చూశాను. గాలి తగలకుండా ప్లాస్టిక్ పట్టా అడ్డం కట్టించాను. చివరికి నీళ్ళు నింపిన ట్యూబు పట్టి మట్టం చూశాను. నీళ్ళు ఎవరి పక్కనా మాట్లాడవు కదా. గుండు, కొత్త దారం, రాయి, నీళ్ళు, అన్నీ ఒకటే మాట. గోడ నిలువుగా ఉంది. నాలుగు దారులూ ఒకే చోట తేలాయి. ఎదురు చెప్పింది ఒక్క కన్ను. కన్ను మోసం చేస్తుందని నలభై మందికి ఉపన్యాసాలిచ్చిన నోరు నాది. కట్టరా అన్నాను.

ఇంకో మేస్త్రీ అయితే, చదువులేనివాడు, కన్ను నమ్మి పని ఆపేసేవాడేమో. నాకు తెలియదు.

మరుసటి రోజుకు గోడ మనిషి ఎత్తు దాటింది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నేను టీ తేవడానికి రోడ్డు మీదికి పోయాను. తిరిగి గేటు దగ్గరికి వచ్చి, తలెత్తి చూశాను.

ఆ మూలలో ఉన్నవాళ్ళందరూ పడమటికి ఒరిగి నిలబడి ఉన్నారు.

ఎదురుగాలికి నడిచేవాళ్ళు ఒరుగుతారే, అలాగ. గాలి లేదు. ఎండ నిలిచిపోయి ఉంది. ఎవరి ముఖంలోనూ ఏ తేడా లేదు, పని చేసుకుంటున్నారు. పాపమ్మ నెత్తి మీద ఇటుకల తట్ట కూడా ఆమెతోపాటే ఒరిగింది, ఒక్క ఇటుక జారలేదు. ఆమె కొంగు నిలువుగా వేలాడకుండా ఏటవాలుగా వేలాడుతోంది. చెంగయ్య తాపీ మీంచి జారిన సిమెంటు నా కళ్ళెదుట వాలుగా పోయి నేల మీద పడింది.

నేను టీ చెంబు కింద పెట్టి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చూశాను. అలాగే ఉన్నారు.

భయపడి పరిగెత్తలేదు. నడుచుకుంటూ వాళ్ళ మధ్యకు పోయాను. అక్కడ నిలబడితే నాకు ఏమీ తెలియలేదు. నేను నిటారుగానే ఉన్నాననిపించింది. నేల మాత్రం పాదాల కింద గట్టులా తగిలింది. అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. గేటు స్తంభాలు తూర్పుకు ఒరిగి ఉన్నాయి. తోపు తోపంతా తూర్పుకు ఒరిగి ఉంది. తూర్పుకు పోయే వేలూరు బస్సు, ఆ చదునైన రోడ్డు మీద, పల్లంలోకి దిగుతున్నట్టు పోయింది.

చెంగయ్య నా ముఖం చూసి, "ఇప్పుడు నీకూ అగపడిందా?" అన్నాడు. అంత మెల్లగా వాడు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

పని ఆపించి అందర్నీ బయటికి పంపేశాను. ఎస్టీడీ బూతుకు పోయి రాజారాం సారుకు ఫోను చేశాను. మాయలు పట్టుకునేవాళ్ళకు చూపించాల్సింది ఒకటి దొరికింది, మీ పరికరాలతో రండి అన్నాను. ఆయన మరునాడు పొద్దున్నే బస్సు దిగారు. తన సొంత ఇత్తడి గుండు, స్పిరిట్ లెవెలు తెచ్చారు.

అక్కడ ఏమీ లేదు. చెట్లు నిలువుగా ఉన్నాయి. మనుషులు నిలువుగా ఉన్నారు. గోడ మాత్రం పడమటికి ఒరిగి ఉంది. ఆయన గుండు వేస్తే జానెడు తేడా. నా గుండు వేస్తే కూడా జానెడు తేడా. చెంగయ్య గోడ మీద చెయ్యి పెట్టుకుని, "నిన్న ఇట్ట లేదు సారూ" అన్నాడు.

ఆయన నన్ను ఎగతాళి చేయలేదు. ఆ న్యాయం ఆయనకు నేను చేయాలి. మొదటి నుంచి చివరిదాకా చెప్పించుకున్నారు, ఏది మార్చావు, ఏది మార్చలేదు అని అడిగారు. మళ్ళీ చూపించగలిగితే నమ్ముతానన్నారు. ముందు గోడకు కట్టెలు ఆనించండి, ఎవరి మీదైనా పడుతుంది అన్నారు. సరైన మాట. ఎవరైనా ఆ మాటే చెబుతారు.

గోడకు పడమటి పక్క కట్టెలు ఆనించడానికి చెంగయ్య, పాపమ్మ, ఇంకో ఇద్దరు పోయారు. సారూ నేనూ గేటు దగ్గర నిలబడ్డాం. వాళ్ళు కట్టె లేపి గోడకు చేర్చారు. అప్పుడు మళ్ళీ వచ్చింది. నలుగురూ, వాళ్ళ చేతిలోని కట్టె కూడా, పడమటికి ఒరిగారు. ఒరిగినట్టు వాళ్ళకే తెలియలేదు. పాపమ్మ ఏదో అంటోంది, చెంగయ్య తల ఊపుతున్నాడు. సారూ చూడండి అన్నాను. ఆయన అప్పటికే చూస్తున్నారు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఏమీ చూడని మనిషి ముఖం కాదది.

ఎంతసేపో చెప్పలేను. వాళ్ళు ఉన్నట్టుండి నిటారుగా అయ్యారు. ఆ వెంటనే గోడ పడింది.

చెంగయ్య తుంటి విరిగింది. పాపమ్మను వేలూరు ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

విచారణకు వచ్చిన ఆఫీసర్లు పడిన గోడ చూశారు, రాజారాం సారును పిలిపించారు. పొద్దున తాను కొలిచినప్పుడు జానెడు ఒరిగి ఉందని ఆయన చెప్పారు. అది నిజం. ఆ తర్వాత చూసింది ఆయన చెప్పలేదు. ఆసుపత్రి మంచం మీద ఉన్న చెంగయ్యను, నువ్వు ఆ గోడకు గుండు వేశావా అని అడిగారు. లేదు అన్నాడు.

వేయడు. కట్టినవాడు వేయడు. మా కట్టుబాటు అది. వాడికి ఆ ప్రశ్నకు వేరే జవాబు లేదు. మా పనివాణ్ణి ఎవణ్ణి అడిగినా అదే చెబుతాడు. వేసింది ఎవరు అని రెండో ప్రశ్న అడిగిన పుణ్యాత్ముడు లేడు. అన్న పేరు ఇందులోకి ఎందుకని వాడూ నోరు విప్పలేదు. ఆ ఒక్క "లేదు" పట్టుకుని తేల్చేశారు. నేను పోయి గుండు వేసింది నేనయ్యా అంటే, తమ్ముణ్ణి కాపాడడానికి వచ్చాడన్నారు. మనుషులు ఒరిగిన సంగతి చెబితే, సైన్సు సంఘం పెద్దమనిషికి ఎండదెబ్బ తగిలిందన్నారు.

ఊరు ఊరుకుంటుందా. చెంగయ్య టీ అంగడి ముందు నుంచి చేతికర్రతో పోతుంటే, "నీ గోడలకు కూడా ఒక కర్ర ఇయ్యప్పా" అన్నాడొకడు. పాపమ్మ అత్త వాడు కనబడినప్పుడల్లా దుమ్మెత్తి పోసేది. వాడు తాపీ మళ్ళీ పట్టలేదు. అగ్గిపెట్టెల కంపెనీలో కూర్చుని పుల్లలు పేర్చే పనికి కుదిరాడు. ఇంటికి పోయినప్పుడల్లా నన్ను ఒకటే అడిగేవాడు, గుండు సరిగ్గానే ఉండింది కదన్నా అని. ఉండిందిరా అనేవాణ్ణి. రానురాను నేను చెప్పినా వాడి ముఖం తేటపడలేదు. అన్న కదా, అలాగే అంటాడనుకున్నాడు వాడు కూడా.

రాజారాం సారు మా సంఘానికి రావడం మానేశారు. నేనే పోయేవాణ్ణి. ఆ పొద్దు గేటు దగ్గర ఏం చూశారు, ఒక్క మాట చెప్పండి అని అడిగేవాణ్ణి. నేను కొలిచింది చెప్పాను మేస్త్రీ అనేవారు. కొలిచింది కాదు, చూసింది అంటే, ఒక్కసారి చూసింది చూడనట్టే అనేవారు. అది ఆయన నాకు నేర్పిన పాఠమే. కానీ పిలిచినప్పుడు రానిది లేనిదే అవుతుందా? పాపమ్మ ఒక్కసారే చచ్చిపోయింది. అది సంగతి కాదా? కోపంతో ఆయన వాకిట్లో అరిచి వచ్చిన రోజులున్నాయి.

ఆ గోడౌను స్థలంలో నేను మళ్ళీ మళ్ళీ గుండు వేసి చూశాను. వేరేవాళ్ళు గోడలు లేపేశాక కూడా, అడిగి లోపలికి పోయి చూశాను. ఏమీ రాలేదు.

కొన్నేళ్ళకు చెంగయ్యకు ఊపిరితిత్తులు చెడ్డాయి. మంచం మీంచి లేవలేని స్థితి వచ్చాక నన్ను పిలిచాడు.

"నీ మాట వద్దన్నా. ఆ సారును అడిగి రా. నేను కట్టింది వంకర గోడేనా అని. ఔనంటే ఔనని చెప్పు, పాపమ్మకు మొక్కుకుని పోతా."

వేలూరుకు పోయాను. సారు రిటైరై ఉన్నారు. ఇంట్లో లేరు, పెరట్లో ఉన్నారు. నడి పెరట్లో ఆకాశం కింద మంచం, పక్కన కుర్చీ, పుస్తకాలకు పైన ఒక ప్లాస్టిక్ పట్టా. వానలో కూడా అక్కడే పడుకుంటున్నారని, చెబితే వినరని ఆయన భార్య విసుక్కుంది. నేను ఈసారి అరవలేదు. తమ్ముడు అడిగిన ప్రశ్న వాడు అడిగినట్టే చెప్పి, ఎదురుగా కూర్చున్నాను. చివరికి ఆయన జవాబు చెప్పారు.

ఆ జవాబు తీసుకుని తిరుగు బస్సులో గుడియాత్తం వచ్చాను. నీ గోడ నిలువుగానే ఉండిందిరా, సారు ఒప్పుకున్నారని చెంగయ్యకు చెప్పాను. అంతవరకే చెప్పాను. వాడు కళ్ళు మూసుకుని, సరి అన్నాడు. తక్కినది ఎవరికీ చెప్పలేదు. ఆ మూలలో జరిగింది ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. చదివిన ఏ పుస్తకంలోనూ దానికి చోటు దొరకలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాసి వదిలేస్తున్నాను.

"చూసినాను మేస్త్రీ. నువ్వు వాళ్ళను చూస్తా ఉండావు, నేను నా చేతిలో ఇత్తడి గుండును చూసినాను. గేటు కాడ, నా చేతిలో, ఆ దారం వాళ్ళతో సమంగా వాలింది. ఆ గోడతో కూడా సమంగానే ఉండింది. గుండు లెక్కన వాళ్ళు నిటారుగా ఉండారు, గోడ నిటారుగా ఉండాది. వంగి నిలబడింది మనిద్దరమే. మనకు తెలీలేదు. దారం వెనక్కి వచ్చినాక గోడ పడింది. నీ తమ్ముడి తప్పు ఏమీ లేదు, పోయి చెప్పు. విచారణలో నేనెందుకు చెప్పలేదంటావా? చెప్పింటే, ఆ గుండును నమ్మి కట్టిన గోడల కింద పండుకున్నోళ్ళందరికీ ఏమని చెప్పేదప్పా?"